కాస్త ఫ్రేమ్‌లోంచి తప్పుకోండి సార్!

మన చారిత్రక కట్టడాల్ని ఇవాళ బతికిస్తున్నది ప్రభుత్వం కాదు, పురావస్తు శాఖ కాదు, చరిత్రకారులు అసలే కాదు. ప్రీ వెడ్డింగ్ షూట్లు!

నవ్వకండి. సీరియస్‌గానే చెబుతున్నాను. పెళ్ళికి ముందు జంటలు పాతకోటలకి వెళ్ళి ఫోటోలు దిగడం మీద ఈమధ్య పెద్దమనుషులు తెగ విసుక్కుంటున్నారు. దారికి అడ్డమట. రంగురంగుల పొగలు వదులుతారట. నెత్తిమీద డ్రోన్లు తిప్పుతారట. మొన్నమొన్నటిదాకా ఆ పెద్దమనుషుల్లో నేనూ ఉన్నాను. ఇప్పుడు పార్టీ మారాను. పార్టీ మారినవాడి గొంతు పాతకాపు గొంతుకన్నా పెద్దగా ఉంటుంది కాబట్టి, కాస్త దూరంగా కూర్చుని చదవండి.

సముద్రపు ఒడ్డున ఒక పాతకోట ఉంది. దాన్ని చూడాలని మా ఆవిడకి పెళ్ళైన కొత్తలో పుట్టిన కోరిక. ఆవిడ స్కూల్లో సోషల్ చెబుతుంది. ఏటా ఆ కోట బొమ్మ బోర్డు మీద గీసి, ఇది బురుజు, ఇది కందకం, ఇది సముద్రం వైపు కిటికీ అని పిల్లలకి పాఠం చెప్పి, సాయంత్రం ఇంటికొచ్చి నావంక ఒక చూపు చూస్తుంది. ఆ చూపుకి నేను ఏటా ఒక జవాబు చెబుతూ వచ్చాను. ఎండలు తగ్గనీ. వానలు తగ్గనీ. మోకాళ్ళ నొప్పులు తగ్గనీ. కోట ఎక్కడికి పోతుంది?

ఈసారి ఎండల్లేవు, వానల్లేవు. మోకాళ్ళ విషయమంటారా, "నడవకపోవడం వల్లే సార్ ఈ నొప్పి" అని మా డాక్టరు మా ఆవిడ ఎదుటే నోరు జారాడు. ఇక తప్పలేదు. మా అత్తగారు కూడా బయలుదేరారు. ఆవిడకి కోటలంటే ఏమంత ఆసక్తి లేదు. అల్లుడు నడుస్తుంటే చూడాలనుందన్నారు.

కోట చూడడానికి నాకో పద్ధతుంది. సింహద్వారం కింద నీడలో కూర్చోవాలి. తలెత్తి "ఆహా" అనాలి. టీ తాగాలి. ఇంటికి పోవాలి. లోపలేముంటాయి? గోడలు! మనింట్లో లేవా గోడలు?

ఆ పద్ధతి ప్రకారమే ద్వారం కింద చల్లటి రాతి అరుగు చూసుకుని కూలబడ్డాను.

"అప్పుడేనా?" అంది మా ఆవిడ.

"అల్లుడుగారికి చరిత్ర అంటే భక్తి తల్లీ. కూర్చునే సేవిస్తారు" అన్నారు మా అత్తగారు.

నేను ఇంకా "ఆహా" అననేలేదు, ఎవరో కేకేశారు. "సార్! ఫ్రేమ్‌లో ఉన్నారు!"

చూస్తే, టోపీ వెనక్కి తిప్పి పెట్టుకున్న ఒక ఫోటోగ్రాఫర్. పక్కన వెండిరంగు అట్ట పట్టుకుని ఒక అసిస్టెంటు. వాళ్ళకి ముందు నేలంతా ఊడ్చే పొడుగాటి గౌనులో ఒకమ్మాయి, ఊపిరి ఆడని సూటులో, నల్లకళ్ళజోడుతో ఒకబ్బాయి. కాబోయే దంపతులు.

"కొంచెం లోపలికి జరుగుతారా సార్?"

జరిగాను.

"ఇంకొంచెం సార్."

ఇంకొంచెం జరిగాను.

"మీరు పోయారు సార్, మీ పొట్ట ఉండిపోయింది!"

పొట్టని కూడా తీసుకుని మలుపు తిరిగాను. అక్కడ ఒక చెట్టు, చెట్టు కింద బల్ల. కూర్చోబోయేంతలో గులాబీరంగు పొగ ముంచుకొచ్చింది. పొగలోంచి ఇంకో ఫోటోగ్రాఫరు, ఇంకో జంట! దగ్గుకుంటూ ఏటవాలు దారిలో పైకెక్కాం. పైన ఫిరంగి. ఫిరంగి మీద ఆనుకుందామంటే దానిమీద అప్పటికే ఒక పెళ్ళికూతురు కూర్చుని ఉంది. అక్కణ్ణించి ధాన్యపు కొట్టుకి. కొట్టులోంచి గుర్రపుసాలకి. గుర్రపుసాలలోంచి దీపస్తంభం దాకా!

ఇప్పుడు చెప్పండి. జీతం తీసుకునే గైడు ఎవడైనా నాచేత అంత నడిపించగలడా? "అలసిపోయాను నాయనా" అంటే గైడు వినిపించుకుంటాడు. ఫోటోగ్రాఫరు వినిపించుకోడు. డాక్టర్లు ఏళ్ళ తరబడి బతిమాలినా కదలని నా కాళ్ళని ఆ కుర్రాళ్ళు ఒక్క పూటలో కోట నలుమూలలా తిప్పారు. ఎక్కడా కూర్చోనివ్వకపోవడమే అసలైన ఆరోగ్య పథకం!

ఆరోగ్యం సరే, ఆధ్యాత్మికం మాటేమిటి? "నేను" అన్న భావం పోవాలని వేదాంతులు లావుపాటి గ్రంథాలు రాశారు. అవి చదివితే నిద్రొచ్చింది తప్ప నాకు "నేను" పోలేదు. ఆ టోపీ కుర్రాడు ఒక్క ముక్కలో తేల్చేశాడు. "మీరు లేకపోతే చాలా బాగుంటుంది సార్!" ఇంతకన్నా ఉపదేశం ఉంటుందా?

దీపస్తంభం దగ్గర మా ఆవిడ మొహం చూశాను. అంతదూరం నడిచినా ఆవిడకి ఒక్క గోడ దగ్గర కూడా నిలబడి చూసే వీలు దొరకలేదు. వేలు చూపించి "అదిగో" అనేలోపు ఎవరో ఒకరు "మేడమ్, ప్లీజ్" అనేవారు. చివరికి ఆవిడ అనడం మానేసింది. మా అత్తగారు కూడా ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనలేదంటే పరిస్థితి బాగాలేదన్నమాట.

"ఆ సముద్రం వైపు బురుజు ఒక్కటీ చూసి వెళ్ళిపోదాం" అంది మా ఆవిడ.

బురుజు మీదికెళ్ళేసరికి అక్కడున్నదెవరు? మన టోపీ కుర్రాడే! మమ్మల్ని దాటుకుని ఎప్పుడొచ్చాడో మరి. బురుజుకి ఆనుకుని కాపలావాళ్ళ గది ఒకటుంది. గుండ్రటి కప్పు, సముద్రం వైపు ఒక కిటికీ. మా ఆవిడ బోర్డు మీద గీసేది ఆ కిటికీయే! చెప్పించుకోకుండానే మేం ముగ్గురం అందులోకి దూరి ఫ్రేమ్ ఖాళీ చేశాం. కానీ కిటికీ బయట సన్నటి నడవలో అసిస్టెంటు వెండి అట్ట పట్టుకుని నిలబడ్డాడు. సముద్రం బదులు మా మొహాలే మాకు వంకరటింకరగా కనిపించాయి.

గుమ్మంలోంచి మాత్రం షూటింగు బాగా కనబడుతోంది. పెళ్ళికొడుకుని పిట్టగోడ ఎక్కించారు. అవతల కింద రాళ్ళు, రాళ్ళ మీద అలలు.

"వీరుడిలా నిలబడండి సార్! దూరంగా ఓడలొస్తున్నట్టు చూడండి! మేడమ్, మీరు పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుని నవ్వాలి. సహజంగా!"

ఆ అమ్మాయి ఎత్తుమడమల చెప్పులతో గౌను ఎత్తిపట్టుకుని పరిగెత్తింది. చెయ్యి పట్టుకుంది. నవ్వింది.

"ఇంకా సహజంగా!"

మళ్ళీ పరిగెత్తింది.

"చాలా బాగుంది మేడమ్. ఇంకొక్కసారి, మొదటిసారిలా!"

ప్రతిసారీ "ఓకే" అనగానే ఆ అమ్మాయి అతని చెయ్యి వేడిగిన్నె వదిలినట్టు వదిలేస్తోంది. అతను ఆమె వంకైనా చూడకుండా, ఫోటోగ్రాఫరు చెప్పినవైపు మొహం తిప్పుతున్నాడు. పెళ్ళికి ముందే ఇంత అన్యోన్యమా అనుకున్నాను. మాకు అది రావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

"ఆ పిల్లని చెప్పులు కరుస్తున్నాయే" అన్నారు మా అత్తగారు.

సముద్రం పక్కన వాన కబురుపెట్టి రాదు. ఉన్నట్టుండి గాలి, దానివెనకే వాన. ఫోటోగ్రాఫరు బృందం గొడుగులు తెరిచింది. కెమెరాకో గొడుగు, లైట్లకో గొడుగు, డ్రోనుకో గొడుగు. వధూవరులకి మాత్రం "పరిగెత్తండి!" అన్న సలహా. సామాను భద్రం చేసుకోవడానికి వాళ్ళు కింద వ్యాను దగ్గరికి పోయారు. జంట మా గదిలోకి వచ్చిపడింది.

అయిదుగురం. బయట హోరున వాన. ఇద్దరూ చెరో గోడకి ఆనుకున్నారు. కెమెరా లేకపోయేసరికి ఏం చెయ్యాలో తోచడంలేదు పాపం!

మా అత్తగారు ఊరుకుంటారా? "పెళ్ళెప్పుడు బాబూ?"

"వచ్చే నెలండీ."

"బాగుంది. అమ్మాయికి ఏమిష్టం?"

పెళ్ళికొడుకు కంగారుపడ్డాడు. పొద్దుటినుంచి చెవిలో పడ్డ మాట ఒక్కటే నోటికొచ్చింది. "ఎడంవైపు మొహం బాగా వస్తుందండీ!"

నాకు నవ్వొచ్చింది. ఆ అమ్మాయికి రాలేదు. గిరుక్కున తిరిగి మా ఆవిడ పక్కకెళ్ళి, చెవిలో ఏదో చెప్పింది.

ఆ గది సంగతి ఆమెకి తెలీదు. గుండ్రటి కప్పు కింద గుసగుసలాడితే, గోడలు దాన్ని మోసుకెళ్ళి ఎదుటి మూల చాటింపు వేస్తాయి. శత్రువు అలికిడి కాపలావాడికి వినబడాలని అలా కట్టారట. మా అందరికీ స్పష్టంగా వినబడింది.

"ఆంటీ, ఈ పెళ్ళి వద్దని చెప్పేద్దామనుకుంటున్నాను."

నా నవ్వు ఎక్కడికక్కడ ఆగిపోయింది. పెళ్ళికొడుకు మొహంలో నెత్తురు లేదు. పాపం ఆ పిల్ల, వినబడలేదనుకుని చెప్పుకుపోతూనే ఉంది.

"పొద్దుటినుంచి నాతో ఒక్క మాట మాట్లాడలేదండీ. నన్ను చూడమంటే నన్ను చూస్తారు. సముద్రం చూడమంటే సముద్రాన్ని చూస్తారు. రెండిటికీ ఒకటే మొహం! రేపు ఇంట్లో ఎవరూ చెప్పకపోతే నావైపు చూడనే చూడరేమో. ఇంట్లోవాళ్ళకి చెబితే ఏమవుతుందో తెలీదు. చెప్పకపోతే నేనేమవుతానో తెలీదు."

మా ఆవిడ ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"నేను మిమ్మల్ని చూళ్ళేదండీ" అన్నాడు పెళ్ళికొడుకు, ఎదుటి గోడ దగ్గర్నుంచి.

ఆ అమ్మాయి ఉలిక్కిపడింది.

"సముద్రాన్నీ చూళ్ళేదు. అసలేమీ చూళ్ళేదు." అతను కళ్ళజోడు తీశాడు. "దీని వెనక కళ్ళు మూసుకుని ఉన్నాను. నాకు ఎత్తంటే చచ్చేంత భయం. రెండో అంతస్తులో బట్టలు కూడా ఆరెయ్యను. ఆ గోడ ఎక్కాలని పొద్దున చెప్పినప్పటినుంచీ, నోరు తెరిస్తే కేక బయటికొస్తుందని మాట్లాడలేదు."

"మరి ముందే చెప్పొచ్చుగా?"

"వీరుడిలా నిలబడమన్నాడు కదండీ. వీరుడు భయమేస్తోందంటే ఏం బాగుంటుంది?"

ఆ అమ్మాయి అతని చేతులవంక చూసింది. "అందుకా చెయ్యి అంత వణుకుతోంది? నేనంటే ఇష్టంలేదేమో, బలవంతంగా పట్టుకుంటున్నారేమో అనుకుని, ఓకే అనగానే వదిలేస్తున్నాను."

"మీరు వదిలేసిన ప్రతిసారీ నేను పడిపోయాననే అనుకున్నానండీ!"

అప్పుడు నవ్విందండీ ఆ పిల్ల! పొద్దుటినుంచి మేం చూసిన నవ్వు కాదది. కుక్కర్ కూత పెట్టబోయే ముందు చేసే చప్పుడులాంటిది మొదలై, ముక్కులోంచి, గొంతులోంచి ఎటుపడితే అటు వచ్చేసింది. గోడలు దాన్ని పట్టుకుని గదంతా తిప్పాయి. ఎడంవైపు, కుడివైపు తేడా లేకుండా మొహమంతా నవ్వింది. ముందు పెళ్ళికొడుకు బిక్కచచ్చిపోయాడు. ఆ తర్వాత తనూ మొదలుపెట్టాడు.

"నవ్వింది చాలుగానీ, ముందు ఆ పిల్ల కాళ్ళు చూడు నాయనా. పుండ్లు పడ్డాయి" అన్నారు మా అత్తగారు.

పొద్దున అతన్ని మోకాలి మీద కూర్చోబెట్టి ఉంగరం తొడుగుతున్నట్టు ఫోటో తీశారట. ఇప్పుడు ఎవరూ చెప్పకుండానే కూర్చున్నాడు. ఆ చెప్పుల కట్లు విప్పి, తన బూట్లు విప్పి ఆమె ముందు పెట్టాడు. ఆమె పాదాలు ఆ బూట్లలో చెరువులో పడవల్లా ఉన్నాయి. మా అత్తగారు సంచిలోంచి వేయించిన వేరుశెనగల పొట్లం తీసి ఇద్దరి మధ్యా పెట్టారు. ఆ సంచిలో పొట్లం ఉన్న సంగతి అల్లుణ్ణి, నాకే తెలీదు! అంగట్లో అన్నీ ఉన్నా అని ఊరికే అన్నారా?

వాన వెలిసింది. కిటికీ ముందు వెండి అట్ట లేదు. కడిగిన పలకలాంటి సముద్రం ఉంది. మా ఆవిడ కిటికీ చట్రం మీద చేతులు ఆనించి నిలబడింది. ఇన్నేళ్ళు సుద్దముక్కతో గీసిన కిటికీలోంచి మొదటిసారి బయటికి చూస్తోంది. నేనేదో జోకు వెయ్యబోయి, ఆవిడ వీపు చూసి మానుకున్నాను.

"ఆంటీ, ఆ కింద మెట్లెక్కడికి పోతాయి?" అని ఆ అమ్మాయి అడిగింది.

అడగడమే తడవు! మా ఆవిడ వాళ్ళిద్దర్నీ వెంటబెట్టుకుని బయల్దేరింది. పడవలు కట్టేసే మెట్లు, మంచినీళ్ళ తొట్టి, గోడలో దాక్కున్న దొంగదారి. బూట్లు టపటపలాడిస్తూ ఒకరు, వట్టికాళ్ళతో ఒకరు. ఆవిడ గొంతు కిటికీలోంచి మాకు వినబడుతూనే ఉంది. బాగా చెబుతుందండీ! స్కూలు పిల్లలు అదృష్టవంతులు.

అంతలో టోపీ కుర్రాడు రొప్పుతూ వచ్చాడు. "సార్, నా కపుల్ ఏరి?"

"కొంచెం పక్కకి జరుగు నాయనా, గాలి రావడంలేదు" అన్నారు మా అత్తగారు.

అతను గోడమీంచి కిందికి తొంగిచూశాడు. పడవల మెట్ల మీద ఇద్దరూ కూర్చుని ఉన్నారు. తడిసిన జుట్టు, కరిగిన మేకప్పు, ఒళ్ళో వేరుశెనగలు. అతనేదో చెబుతున్నాడు. ఆమె మళ్ళీ కుక్కర్‌లా నవ్వుతోంది. మబ్బుల్లోంచి ఎండ సరిగ్గా అక్కడే పడుతోంది.

"దేవుడా!" అని కుర్రాడు మెట్లు దూకుతూ కిందికి పరిగెత్తాడు. నడక అలవాటైపోయింది కాబట్టి వెనకే నేనూ పరిగెత్తాను. అతను కెమెరా ఎత్తేసరికి ఆ అమ్మాయి చెయ్యి అడ్డం పెట్టింది.

"అన్నా, ఇది వద్దు."

"మేడమ్, ఇదే కావాలి! పొద్దుటినుంచి నేను మొత్తుకుంటున్నది దీనికోసమే!"

"తెలుసు. అందుకే వద్దు."

"ఆ లైటు చూడండి మేడమ్! మళ్ళీ రాదు! సార్, మీరైనా చెప్పండి!"

పెళ్ళికొడుకు ఆమెవైపు చూశాడు. ఎవరూ చూడమనలేదు. "ఇదొక్కటీ మాకుంచండి బ్రదర్" అన్నాడు.

కళ్ళముందు పాయసం పెట్టి చేతులు కట్టేసినట్టయింది ఆ కుర్రాడి పరిస్థితి. కెమెరా ఎత్తుతాడు, దించుతాడు. ఎండ మెల్లిగా పక్కకి జరిగిపోయింది. చివరికి టోపీ తీసి, అదే మెట్టు మీద కూలబడి, తనూ ఒక గుప్పెడు వేరుశెనగలు తీసుకున్నాడు. పక్కనే ఉన్న మా ఆవిడవైపు తిరిగి, "మేడమ్, పైన ఆ గోడకి కన్నాలేంటి? ఎన్నేళ్ళనుంచో వస్తున్నాను, గాలికోసం అనుకున్నాను" అన్నాడు.

"శత్రువు గోడ ఎక్కడానికొస్తే మరిగే నూనె పొయ్యడానికి" అంది మా ఆవిడ.

"అమ్మో! వాటికింద ఎంతమందిని నిలబెట్టి ముద్దు పెట్టుకోమన్నానో!"

వచ్చే నెల పెళ్ళికి మమ్మల్ని తప్పకుండా రమ్మన్నారు. వెళ్ళాం. పెళ్ళికొడుకుని వేదిక మీద కూర్చోబెట్టారు. మరీ ఎత్తేం కాదు. ఆ అమ్మాయి అతని చెయ్యి ఒక్కసారి కూడా వదల్లేదు.

అంచేత ప్రీ వెడ్డింగ్ షూట్లు వర్ధిల్లాలని నేను ఘంటాపథంగా చెబుతున్నాను. మధ్యలో మంచి వాన పడితే, వాటంత మేలు చేసేవి లేవు.

ఇక్కడిదాకా రాసి పత్రికకి పంపాను. సబ్ ఎడిటరు ఫోన్ చేశాడు.

"చాలా బాగుంది సార్. పక్కన వెయ్యడానికి కోట ఫోటో ఒకటి పంపండి."

"లేదు బాబూ."

"కోటకెళ్ళి ఒక్క ఫోటో కూడా తీసుకోలేదా? మరి వెళ్ళినట్టు పాఠకులెలా నమ్ముతారు సార్?"

నిజమే! ఆవిడ కిటికీ దగ్గర నిలబడినప్పుడు జేబులో ఫోనుంది. తియ్యబుద్ధి కాలేదు. ఈ మాట చెబితే సబ్ ఎడిటర్‌కి అర్థమవుతుందా?

"సరేలెండి, ఇంటర్నెట్‌లో కోట పేరు కొడితే బోలెడు వచ్చాయి. ఒకటి వేసేస్తున్నాం" అన్నాడు.

మీరు ఈ పేజీలో పైన చూస్తున్నది అదే. ఎర్రగౌనులో ఉన్నది ఎవరో పెళ్ళికూతురు. ఆమెని గాల్లోకి ఎత్తిపట్టుకున్నది ఎవరో పెళ్ళికొడుకు. వాళ్ళు మాకు తెలీదు. వాళ్ళ వెనకాల, కుడిపక్క మూల, బూడిదరంగులో మసగ్గా ఏదో అలుక్కుపోయినట్టు కనబడుతోంది చూశారా? అది కోట. ఎంతమంది రాజులొచ్చినా, ఎన్ని తుఫానులొచ్చినా అక్కణ్ణించి అంగుళం కదలని కోట!

అచ్చుకి వెళ్ళేముందు చూసుకోమని పంపిన పేజీని మా అత్తగారికిచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని, దగ్గరగా చూసి, దూరంగా చూసి, "ఆ రోజు పట్టిన మబ్బు భలే పడిందే!" అన్నారు.